చలికాలానికి ముందే నింపిన జాడీలు: కొరియా జలుబు వంటల ప్రాజెక్టు డైరీ

అక్టోబరు చివరి వారం – ఏం చేయాలనుకుంటున్నాను

కొరియాలో మందుల షాపుకు వెళ్ళి జలుబు చేసిందని మాత్రమే చెబితే సరిపోదు. ఏ రకం జలుబు అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. గొంతు మండితే మొక్‌గమ్గి, ముక్కు కారితే ఖోగమ్గి, దగ్గు వదలకపోతే గిచిమ్‌గమ్గి, ఒళ్ళు నొప్పులూ చలీ కలిసి మంచాన పడేస్తే మొమ్సల్‌గమ్గి. ఇంటి వైద్యం కూడా ఈ విభజన ప్రకారమే నడుస్తుంది. గొంతుకు బేరిపండు, దోరాజి అనే మొక్క వేరు, చలికి అల్లం, ఒళ్ళు నొప్పులకు సాంగ్‌హ్వా అనే మూలికల కషాయం, నోరు చేదెక్కి అన్నం సహించని రోజుకు జుక్ అనే జావ. సువన్ నగరంలో కాపురం పెట్టినప్పటి నుంచి వీటిని పొరుగువారి ఇళ్ళలో రుచి చూస్తూనే ఉన్నాను గానీ, ఏది ఏ కాలంలో, ఏ పాళ్ళలో, ఎందుకు చేస్తారో వరుసగా నేర్చుకునే పని పెట్టుకోలేదు. ఈ చలికాలం ఆ పని పెట్టుకున్నాను.

మా కింది ఇంట్లో ఉండే హల్మొని, అంటే అవ్వగారు, ప్రణాళిక వినగానే ఒక్క మాటతో దాన్ని తలకిందులు చేశారు. జలుబు చేసిన రోజున మొదలుపెడితే అందేవి ఇందులో సగమేనని, మిగిలిన సగం నవంబరులోనే జాడీల్లోకి ఎక్కాలని ఆవిడ అన్నారు. వేసవి మామిడికాయతో ఏడాది పొడుగునా సరిపోయే ఆవకాయ పెట్టుకున్నట్టే ఇక్కడివాళ్ళు పండో, దుంపో దొరికే కాలంలో దాన్ని పంచదారలోనో తేనెలోనో ఊరవేసి ఉంచుతారు. దానిని చంగ్ అంటారు. జలుబు పట్టిన రోజున చేయవలసింది ఆ జాడీలోంచి ఒక చెంచా తీసి వేడినీళ్ళలో కలపడమే. అందువల్ల ఈ డైరీ జలుబుతో కాక, జలుబుకు రెండు నెలల ముందు సంతతో మొదలవుతుంది.

ఒక హద్దు మొదటే గీసుకుంటున్నాను. మామూలు జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. వాటిని చంపే పండు గానీ వేరు గానీ లేదు. వారం, పది రోజుల్లో దానంతట అదే తగ్గే జబ్బులో ఆ రోజులను తేలిగ్గా గడిపించగలిగేది ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న. మూడు రోజులు దాటిన జ్వరం, ఆయాసం, పసిపిల్లల జలుబు ఈ ప్రాజెక్టు పరిధిలోకి రావు. అవి డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన సంగతులు.

నవంబరు మొదటి వారం – యుజా

కొరియా పంచాంగంలో చలికాలం మొదలయ్యే ఇప్‌దొంగ్ నవంబరు 7 ప్రాంతంలో వస్తుంది. దక్షిణ జొల్లా రాష్ట్రపు సముద్రతీరంలోని కొహుంగ్ నుంచి యుజా పళ్ళు సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టెల్లో దిగుతాయి. చూడడానికి గతుకుల తొక్కతో ఉన్న పసుపుపచ్చ కమలాపండులా ఉంటుంది గానీ, కోస్తే రసం తక్కువ, గింజలు విపరీతం, పులుపు నిమ్మకు తీసిపోదు. తినడానికి పనికిరాని ఈ పండు విలువంతా తొక్కలో ఉంది. గదిలో ఒక్క పండు కోసినా వాసన సాయంత్రం దాకా పోదు.

పల్దల్మున్ ద్వారం దగ్గరి మొత్కోల్ సంతలో 2 కిలోలు తీసుకున్నాను. తొక్కతో సహా తినే పండు గనుక కడగడంలోనే సగం శ్రమ. ముందు కల్లు ఉప్పుతో రుద్ది, ఆ తరువాత వంట సోడా కలిపిన నీటిలో కొంతసేపు ఉంచి, మళ్ళీ రెండు నీళ్ళు మార్చి, బట్ట మీద పూర్తిగా ఆరనిచ్చాను. ఈ లోపు గాజు జాడీలను చల్లటి నీళ్ళ గిన్నెలో బోర్లించి, నీళ్ళతో పాటే నెమ్మదిగా వేడెక్కించి మరిగించాను. మరిగే నీళ్ళలో చల్లని జాడీని ఒక్కసారిగా దింపితే పగులుతుంది.

పండును అడ్డంగా కోసి, జల్లెడ మీద పిండి, రసం కిందికి, గింజలు పైకి వచ్చేలా చేయాలి. గింజ ఒక్కటి మిగిలినా జాడీ అంతా చేదెక్కుతుందని అవ్వగారు హెచ్చరించారు గనుక ప్రతి తొననూ వేలితో తడిమి చూశాను. తరువాత తొక్కను వీలైనంత సన్నగా, అగ్గిపుల్ల మందానికి తరగాలి. లోపలి తెల్లని పొరను కొందరు గీకి పారేస్తారు, నేను ఉంచాను. పండు రసాన్ని చిక్కబరిచే పెక్టిన్ ఆ పొరలోనే ఎక్కువగా ఉంటుంది, నెల తరువాత జాడీలో మార్మలేడ్ లాంటి చిక్కదనం వచ్చేది దానివల్లనే. తొక్క, తొన, రసం మొత్తం తూచి, అంతే బరువు పంచదార తీసుకున్నాను. పది పాళ్ళలో తొమ్మిది కలిపేసి, పదో పాలును జాడీ నిండాక పైన దుప్పటిలా కప్పాలి. పంచదార పండులోని నీటిని బయటికి లాగుతుంది. అంత గాఢమైన పాకంలో చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. ఊరగాయలో ఉప్పు చేసే పనిని ఇక్కడ పంచదార చేస్తుంది.

ఆ సాయంత్రం ఫోనులో అమ్మకు జాడీ చూపించాను. తెనాలిలో ఉన్న అమ్మకు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది.

"సగానికి సగం పంచదారేనా నాన్నా? అది మందా, మిఠాయా?" అంది.

సమాధానం చెప్పడం కష్టమైంది. ఒక కప్పుకు రెండు చెంచాలు వేస్తే అందులో ఒక చెంచా పంచదారే. షుగరు ఉన్నవారికి యుజా తొక్కను సన్నగా తరిగి, నీడలో ఎండబెట్టి, మామూలు తేనీరులా కాచి ఇవ్వవచ్చు. వాసన దాదాపు అంతే ఉంటుంది, తియ్యదనం ఉండదు. ఒక చిన్న పళ్ళెం నిండా అలాగే ఆరబెట్టాను.

నవంబరు రెండో సగం – అల్లం, ఎండు రేగు, ముల్లంగి

యుజా జాడీని పంచదార కరిగే వరకు బయట ఉంచి, అడుగున పేరుకున్నదాన్ని పొడి చెక్క గరిటెతో కలుపుతూ వచ్చాను. కరగని పంచదార అడుగునే ఉండిపోతే పైన ఉన్న పండు పులిసి బుడగలు వస్తాయి. ఇప్పుడు జాడీ ఫ్రిజ్‌లోకి, కొరియా క్యాబేజీ ఊరగాయ అయిన కిమ్చీ కోసం వాడే ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

ఇవి కిమ్చీ పెట్టే రోజులు. కిమ్‌జంగ్ అని పిలిచే ఆ సామూహిక శ్రమను యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. క్యాబేజీతో పాటు సంతలోకి గుట్టలుగా దిగేవి అల్లం, ముల్లంగి కనుక జలుబు జాడీలకు కూడా ఇదే అదను. అల్లానికి ఉత్తర జొల్లాలోని వాంజు ప్రాంతపు బొంగ్‌దొంగ్‌కు పాత పేరుంది. కొత్త అల్లం తొక్క ఇంత పలుచన అని మన ఊళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. చెంచా అంచుతో గీస్తే ఊడి వస్తుంది.

అల్లాన్ని ముక్కలుగా తరిగి పంచదారలో వేయడం సులువైన పద్ధతి. అవ్వగారిది ఇంకో పద్ధతి. అల్లాన్ని రుబ్బి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని కదపకుండా కొన్ని గంటలు ఉంచుతారు. గిన్నె అడుగున తెల్లని పిండి గట్టిగా పేరుకుంటుంది. పైన తేరిన రసాన్ని మాత్రమే వంచి, పంచదార కలిపి, సన్నని సెగ మీద తీగపాకం వచ్చేదాకా కాస్తారు. అడుగు పిండిని వదిలేయకపోతే పాకం మసకబారి, గొంతులో జిగటగా తగులుతుందని ఆవిడ వాదన. రెండూ చేసి పక్కపక్కన పెట్టి చూస్తే ఆవిడ మాట నిజమేననిపించింది. మన శొంఠి కషాయంలో ఉండే పొడి ఘాటు దీనికి లేదు. కారం నెమ్మదిగా వచ్చి చాలాసేపు ఉంటుంది.

ఎండు రేగుపళ్ళను ఇక్కడ దేచు అంటారు. ఉత్తర చుంగ్‌చొంగ్‌లోని బొఉన్, ఉత్తర గ్యొంగ్‌సంగ్‌లోని గ్యొంగ్‌సన్ వీటికి ప్రసిద్ధి. మన చేల గట్ల మీది రేగుకు ఇది దగ్గరి చుట్టం, కాకపోతే కండ ఎక్కువ, పులుపు లేదు. కొరియావాళ్ళకు దీనిపై ఒక సామెత ఉంది: దేచును చూసి కూడా తినకుండా పోతే ముసలితనం వస్తుందట. కషాయానికి పళ్ళను కడిగి, గింజలతో సహా గంటకు పైగా ఉడికించి, జల్లెడలో రుద్ది గుజ్జు తీయాలి. గింజలూ తొక్కలూ పైన మిగులుతాయి, కింద చిక్కని ఎర్రని గుజ్జు. దీనికి పంచదార అక్కరలేదు, అయితే పండులోనే తీపి దండిగా ఉంది కాబట్టి షుగరు ఉన్నవారికి ఇదీ లెక్క చూసి ఇవ్వవలసిందే.

ముల్లంగిది చాలా చిన్న పని. అంగుళం లోపు ముక్కలు కోసి, సీసాలో వేసి, మునిగేలా తేనె పోసి ఉంచితే మర్నాటికి ముక్కలు ముడుచుకుపోయి, తేనె నీళ్ళలా పలుచబడుతుంది. ఆ నీటిని చెంచాతో తాగుతారు. వాసన మాత్రం అందరికీ నచ్చేది కాదు. మూత తీయగానే ఉడికిన క్యాబేజీలోని గంధకపు వాసన గుప్పుమంటుంది. ఇది నిలవ ఉండదు కనుక జలుబు వచ్చినప్పుడే చేసుకోవాలని తేలింది. మొగ్వా అనే మరో పండు కూడా తెచ్చాను గానీ అది కత్తికి లొంగని కాయ. వాసన యుజాను మించినా అంత బలం పెట్టి మళ్ళీ కోసే ఉద్దేశం లేదు.

డిసెంబరు మొదటి సగం – దోరాజి, బేరిపండు

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

దోరాజి ఊదారంగు గంట ఆకారపు పూలు పూసే మొక్క. దాని వేరును కూరగానూ మందుగానూ వాడతారు. ఎండబెట్టి మందుల దుకాణానికి చేరితే అదే వేరును గిల్‌గ్యొంగ్ అంటారు. సంతలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి తొక్క తీసి, చీల్చి, నీళ్ళలో వేసిన తెల్లని వేర్లు. రెండోది మట్టి అంటుకున్న, వంకరటింకర వేర్లు. రెండోదాని ధర ఎక్కువ, అయినా పెద్దవాళ్ళు దాన్నే ఏరుకుంటారు. మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం మట్టితో ఉన్న వేర్లను దేశంలోకి దిగుమతి చేయకూడదు గనుక, ఆ మట్టే సరుకు స్వదేశీయమని చెప్పే గుర్తు.

తొక్క తీయడానికి వేరు తల దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, చుట్టూ తిప్పుతూ లాగాలి. సరిగ్గా పట్టు దొరికితే తొక్క పట్టీలా ఒక్క చుట్టుగా ఊడుతుంది. పిల్ల వేర్లు చీలినచోట మాత్రం తెగిపోతుంది. కోసిన చోటల్లా తెల్లని పాలు కారి వేళ్ళకు జిగురులా అంటుకుంటాయి. రబ్బరు తొడుగులు ఎందుకు వేసుకోమన్నారో అప్పుడు అర్థమైంది. లోపలి వేరు పాలరంగులో, గట్టిగా, ముల్లంగి కంటే పీచుగా ఉంటుంది. పచ్చిది కొరికితే ముందు తీపి, వెంటనే నాలుక వెనక భాగాన్ని పట్టుకునే చేదు, చివర గొంతులో కొద్దిగా గరగర.

ఆ చేదుకూ గరగరకూ కారణమైన సపోనిన్‌ల కోసమే దీన్ని మందుగా తీసుకుంటారు. సపోనిన్ అంటే కుంకుడుకాయలో నురగ తెప్పించే పదార్థాల జాతే. వేరును నీళ్ళలో గిలకొడితే నురగ కట్టడం చూడవచ్చు. ఇవి లోపలి పొరలను కాస్త రేపి శ్వాసనాళాల్లో పలుచని ద్రవం ఊరేలా చేస్తాయని, దానివల్ల గట్టిపడ్డ కఫం వదులవుతుందని వివరణ. కూర వండేటప్పుడు కల్లు ఉప్పుతో పిసికి, నీళ్ళు మార్చి మార్చి చేదు వదిలిస్తారు. మందుకు వాడేటప్పుడు అలా చేస్తే మందే నీళ్ళపాలవుతుంది. కాబట్టి కూరకు తీసిన వేర్లను ఉప్పుతో పిసికాను, తేనెలో వేసేవాటిని కడిగి ఆరబెట్టి అలాగే వేశాను.

బేరిపండుకు వెతుక్కోవలసిన పని లేదు. శరదృతువులో వచ్చే ఛుసొక్ పండుగకు ఒకరికొకరు పెట్టెల కొద్దీ బేరిపండ్లు కానుకగా పంపుకుంటారు. ప్రతి ఇంట్లోనూ కొన్ని మిగిలే ఉంటాయి. పేరు నాజు పట్టణానిదే అయినా, సువన్‌కు దగ్గరి ఆన్‌సొంగ్, ప్యొంగ్‌టేక్ తోటలవి కూడా మంచివే. ఎక్కువగా పండించే రకం షింగో. మన కశ్మీరు బేరిలా మెత్తగా ఉండదు. పెద్ద పండు ముప్పావు కిలో దాకా తూగుతుంది, కొరికితే చెరుకులా రసం.

పండు పైభాగాన్ని మూతలా కోసి పక్కన పెట్టాలి. చెంచాతో గింజల గూడు తవ్వి తీయాలి, అడుగు మాత్రం చిల్లు పడకూడదు. ఆ గుంతలో దోరాజి ముక్కలు నాలుగైదు, అల్లం రెండు చీలికలు, గింజ తీసిన దేచు రెండు, పైన రెండు చెంచాల తేనె వేసి, మూత పెట్టి, గిన్నెలో నిలబెట్టి ఆవిరి మీద ఉడికించాలి. మా ఇంట్లో దీనికి సరిగ్గా సరిపోయిన పాత్ర గుంటూరు నుంచి తెచ్చుకున్న ఇడ్లీ పాత్ర; రేకులు తీసేస్తే పండు నిటారుగా పడుతుంది. నలభై నిమిషాలకు గోడలు గాజులా పారదర్శకం కావడం మొదలైంది, గంటకు గుంత నిండా రసం ఊరింది. కొత్తగా నీళ్ళు పోసింది లేదు; ఉన్న ద్రవమంతా పండు వదిలినదే. ఆ రసం తాగి, మెత్తబడ్డ గుజ్జును చెంచాతో గీరుకుని తినాలి. దోరాజి చేదు మాయం కాలేదు గానీ తేనె కింద అణిగి ఉంది. మా అబ్బాయి రసం మొత్తం తాగేసి, దోరాజి ముక్కలను మాత్రం ఒక్కొక్కటిగా ఏరి పళ్ళెం అంచున పెట్టాడు.

రాజాంతఃపురపు వంటగా చెప్పే బేసుక్ ఇంకా నాజూకైనది. అందులో బేరి ముక్కలకు మిరియపు గింజలు గుచ్చి, అల్లం నీటిలో తీయగా ఉడికిస్తారు. మిరియం కొరియాలో పండదు, బయటి నుంచి రావలసిందే. కాబట్టి ఒకప్పుడు అది సామాన్యుల ఇంట్లో ఉండే వస్తువు కాదు. మన ఇళ్ళలో జలుబనగానే చేయి పోయే మిరియాల డబ్బా అక్కడ రాజుగారి వంటలో అలంకారంగా కనిపించడం నాకు వింతగా తోచింది. ఒక విడత బేసుక్‌లో అవ్వగారు వద్దంటున్నా మిరియాలను కాస్త దంచి వేశాను. కొరియా రుచికి అది మోటే, నా గొంతుకు మాత్రం అదే హాయిగా ఉంది.

తేనె విషయంలో ఒక జాగ్రత్త. ఏడాది నిండని పిల్లలకు ఏ రూపంలోనూ ఇవ్వకూడదు. తేనెలో ఉండగల బొటులినం బీజాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. ఆవిరి మీద ఉడికించినంత మాత్రాన ఆ బీజాలు చావవు. పై అంతస్తులో పసిబిడ్డ ఉన్న ఇంటికి బేరిపండు ఇచ్చినప్పుడు ఇది పెద్దవాళ్ళకు మాత్రమేనని చెప్పి మరీ ఇచ్చాను.

డిసెంబరు చివర – జెగిదొంగ్ మందుల సంత

సువన్ నుంచి 1వ లైను మెట్రోలో ఎక్కడా మారకుండా సియోల్‌లోని జెగిదొంగ్ స్టేషన్‌లో దిగవచ్చు. ఆ స్టేషన్‌లో దిగేవాళ్ళలో చాలామంది ముసలివాళ్ళే. బయటికి వస్తే దగ్గర్లోనే గ్యొంగ్‌దొంగ్ మార్కెట్, యంగ్న్యొంగ్‌షి అనే మూలికల సంత. జొసొన్ రాజుల కాలంలో పేదలకూ రోగులకూ ఆశ్రయమిచ్చిన బొజెవొన్ అనే ధర్మశాల ఈ ప్రాంతంలోనే ఉండేది. మన పచారీ కొట్లలో శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు గోతాల్లో ఉన్నట్టే ఇక్కడ వీధి పొడుగునా వేర్లు, బెరళ్ళు, ఎండిన పుట్టగొడుగులు గోతాలు తెరిచి పెట్టి ఉంటాయి.

నేను వెళ్ళింది సాంగ్‌హ్వాతాంగ్, అంటే సాంగ్‌హ్వా కషాయం, సరంజామాకు. ముఖ్యమైనది తెల్ల పియోనీ అనే పూలమొక్క వేరు. దానితో పాటు ఆవిరి పట్టిన జిహ్వాంగ్ వేరు, హ్వాంగ్గి, తంగ్గ్వి, ఛొంగుంగ్ అనే మూలికలు, దాల్చిన చెక్క, అతిమధురం. కాచేటప్పుడు అల్లం, దేచు చేరతాయి. దుకాణాలవారు పాళ్ళు తూచి పొట్లం కట్టి ఇస్తారు. ఇనుప పాత్రలో కాచవద్దని, మట్టి పాత్ర గానీ గాజు పాత్ర గానీ వాడమని దుకాణదారు చెప్పారు. రెండు గంటలు సన్నని సెగ మీద కాస్తే వచ్చింది నల్లని, కాస్త తీపి, కాస్త చేదు, కాస్త మట్టి వాసన ఉన్న ద్రవం.

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. జలుబుకు సాంగ్‌హ్వాతాంగ్ అనడం నేటి కొరియాలో మామూలైపోయింది. మందుల షాపుల్లో చిన్న గాజు సీసాలను వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టి, జలుబు మాత్రలతో జతగా అమ్ముతారు. కానీ సంప్రదాయ వైద్యంలో ఇది జలుబు మందు కాదు. అతిగా శ్రమపడ్డవారికి, పెద్ద జబ్బు చేసి లేచి నీరసించినవారికి చెప్పిన బలవర్ధక కషాయం. రాజవైద్యుడు హొ జున్ 1610లో పూర్తి చేసి, 1613లో అచ్చయిన 'దొంగి బొగమ్' వైద్య గ్రంథంలోనూ దీని చోటు అలసట దగ్గరే. పైగా కిరాణా దుకాణాల్లో అదే రూపంలో ఉన్న సీసాల్లో చాలావరకు మందుగా కాక పానీయంగా లెక్కకొచ్చేవి. చీటీ చదవకపోతే తేడా తెలియదు. అతిమధురం ఎక్కువగా తీసుకుంటే రక్తపోటు పెరిగి, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ మాత్రలు వాడే మన పెద్దవాళ్ళకు వేడిగా ఉంది కదా అని ఈ సీసాలు వరుసగా తాగించడం నాకు సమ్మతం కాదు.

ఇష్టంగా తాగాలనుకునేవారికి ఉత్తర జొల్లాలోని జొంగుప్ పట్టణం మంచిది. అక్కడ సాంగ్‌హ్వా తేనీటి దుకాణాలే ఒక వీధి నిండా ఉన్నాయి. ఆ ప్రాంతపు ఒంగ్‌దొంగ్ మండలంలో పండే జిహ్వాంగ్ వేరును తొమ్మిది సార్లు ఆవిరి పట్టి, తొమ్మిది సార్లు ఎండబెట్టే పద్ధతి పాతది. అక్కడ బరువైన రాతి కప్పులో, పైన దేచు, గింజపప్పులు తేలుతుండగా తెచ్చి పెడతారు. కొన్నిచోట్ల గుడ్డు పచ్చసొన కూడా వేస్తారు. అది మందు కన్నా ఫలహారానికే దగ్గర.

జనవరి మొదటి సగం – జాడీలకు పని పడింది

సొహాన్ అంటే చిన్న చలి, జనవరి 5 ప్రాంతం. తేహాన్ అంటే పెద్ద చలి, 20 ప్రాంతం. అయితే తేహాన్ ఒకసారి సొహాన్ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళి గడ్డకట్టి చచ్చిపోయిందని ఇక్కడివాళ్ళ సామెత. ఆ చిన్న చలిలోనే మా అబ్బాయి బడి నుంచి జలుబు తెచ్చాడు, మరి కొన్నాళ్ళకు అది ఇంటిల్లిపాదినీ చుట్టబెట్టింది.

మొదటి రోజు ముక్కు కారడం, చలి. అల్లం పాకం వేడినీళ్ళలో కలిపి ఇచ్చాను, అప్పటికప్పుడు ఒళ్ళు వెచ్చబడింది. గొంతు నొప్పి మొదలైనప్పుడు యుజా. మరీ మరిగే నీళ్ళు పోస్తే వాసన ఎగిరిపోతుంది గనుక కాస్త చల్లారాక పోయాను. వేడి, తీపి, పులుపు కలిసి లాలాజలం ఊరించడం వల్ల గొంతు తడిగా ఉంటుందన్నది నాకు కనిపించిన ప్రయోజనం. అంతకు మించి దానికి ఘనత ఆపాదించను. రాత్రి దగ్గుకు మాత్రం ఉడికించిన బేరిపండు, దోరాజి తేనె మిగిలినవన్నిటి కంటే బాగా పనిచేశాయి. పడుకునే ముందు తీసుకుంటే అబ్బాయి మధ్యరాత్రి లేవడం తగ్గింది. అది వేరు మహిమో, తేనె మహిమో విడదీసి చెప్పే పరీక్ష ఇంట్లో చేయలేం.

మధ్యాహ్నాలకు కొంగ్‌నముల్‌గుక్, అంటే సోయాచిక్కుడు మొలకల చారు. ఎండు గింజలో దాదాపు లేని విటమిన్ సి మొలకెత్తాక పుడుతుంది. దీన్ని వండడంలో నియమం ఒకటే: మూత పెడితే పూర్తిగా మరిగేదాకా తీయకూడదు, తీసి ఉంచితే మొదటి నుంచీ తీసే ఉంచాలి. మధ్యలో తెరిస్తే సెగ తగ్గి, గింజలోని ఎంజైము పనిచేసి, పచ్చి చిక్కుడు వాసన చారంతా పట్టేస్తుంది. ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు వేసి కాచిన నీళ్ళలో మొలకలు, దంచిన వెల్లుల్లి, ఉల్లికాడలు, ఉప్పు. జలుబు రోజున పైన ఎర్రని కొచుగారు కారం ఎక్కువగా చల్లుతారు. ఆ వేడీ కారమూ ముక్కును తెరిపించే తీరు మన మిరియాల చారుదే. శాకాహారులు నెత్తళ్ళు మాని ముల్లంగి, ఎండు పుట్టగొడుగులతో నీళ్ళు కాచుకోవచ్చు. జొంజు ఊళ్ళో ఇదే చారును అన్నంతో కలిపి మట్టి పాత్రలో ఇస్తారు, పక్కన సగం ఉడికిన గుడ్డు ఉంటుంది.

కారం గురించే మరో మాట. సోజు సారాలో కొచుగారు కలుపుకుని తాగితే జలుబు ఎగిరిపోతుందని ఆఫీసుల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ సరదాగా అంటుంటారు. జలుబులో సారా నిద్రనూ నీటినీ రెంటినీ లాగేస్తుంది. దాన్ని ఈ ప్రాజెక్టులో చేర్చలేదు.

ఆకలి చచ్చిన రోజుకు జుక్. ఇది మన గంజి, జావలకు దగ్గరదే గానీ ఒక తేడా ఉంది: బియ్యాన్ని రెండు గంటలు నానబెట్టి, వాడ్చి, వేయించిన నువ్వుల నూనెలో గింజ అంచులు తెల్లబడకుండా మెరిసేదాకా కలుపుతారు. ఆ తరువాతే నీళ్ళు, కొలతకు ఆరు రెట్లో ఏడు రెట్లో. నేను కోడి కాళ్ళను వెల్లుల్లి, అల్లం, హ్వాంగ్గి వేరుతో ఉడికించి, ఆ నీటినే వాడాను. చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పుతూ, గింజ విచ్చుకున్నాక చీల్చిన కోడి మాంసం కలపాలి. ఉప్పు చివరనే, అది కూడా గిన్నెలో కాక ఎవరి కప్పులో వారికి. ఎంగిలి చెంచా పెద్ద గిన్నెలో పెట్టకూడదన్నది ఇక్కడ మర్యాద మాత్రమే కాదు; లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొట్టి కాసేపట్లో జావను నీళ్ళగా మార్చేస్తుంది. కావాలని ఒక కప్పులో ఎంగిలి చెంచా ఉంచి చూశాను, అరగంటకు పైన నీరు తేలింది.

నాకు ఒళ్ళు నొప్పులు వచ్చిన రోజున జిన్సెంగ్, బంక బియ్యం కూరిన కోడి పులుసు సమ్‌గ్యెతాంగ్ కావాలనిపించింది. అది నిజానికి వేసవి మండుటెండల్లో, బొక్నల్ రోజుల్లో తినే వంట. చలికాలంలో అడిగినా హోటళ్ళలో దొరుకుతుంది, తిన్నాను, బాగుంది. ఇంట్లో చేసే శ్రమకు జుక్ చాలు.

మార్చి మొదటి వారం – మిగిలినవి, మార్చవలసినవి

యుజా జాడీ అడుగు కనిపిస్తోంది. వచ్చే నవంబరులో 3 కిలోలు తీసుకోవాలి, పంచదారను పది పాళ్ళ పండుకు ఎనిమిది పాళ్ళకు తగ్గించి, ఆ జాడీని మొదటి నుంచీ ఫ్రిజ్‌లోనే ఉంచి ముందుగా వాడేయాలి. ఎండబెట్టిన యుజా తొక్క సగం మిగిలింది. దాన్ని కాగితం పొట్లంలో కట్టి, తెనాలి వెళ్ళే స్నేహితుడి చేత అమ్మకు పంపాను. అల్లం పాకం తేరిన రసంతో చేసినదే ఇక మీదట చేస్తాను, ముక్కల పద్ధతి మానేస్తాను. దోరాజి తేనెలో వేరు ఇంకా గట్టిగానే ఉంది, కనుక వచ్చేసారి చీలికలు మరింత సన్నగా కోయాలి. ముల్లంగి తేనె ఇంట్లో ఎవరూ రెండోసారి అడగలేదు. సాంగ్‌హ్వా పొట్లాల్లో విప్పనిది అవ్వగారికి ఇచ్చేశాను, వారికి అది ఇష్టం.

మే నెలాఖరు నుంచి దక్షిణాన గ్వాంగ్‌యాంగ్ వైపు ఆలుబుఖారా జాతి పుల్లని మేసిల్ కాయలు పచ్చిగా కోతకొస్తాయి. వాటి చంగ్ జలుబుకు కాదు, అజీర్తికి. ఖాళీ అయిన జాడీలను కడిగి బోర్లించి ఉంచాను. తదుపరి నమోదు జూన్‌లో.